మాటకు తొమ్మిది షిల్లింగులు: సముద్రపు తంతి ధరల మీద సాగిన తగాదా

పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

తంతి తపాలా (టెలిగ్రాఫ్) చరిత్ర గురించి కిందటి సంచికలో రాసినప్పుడు, ఒకప్పుడు లండన్ నుంచి ఆస్ట్రేలియాకు ఒక్క మాట పంపడానికి తొమ్మిది షిల్లింగులకు పైగా (పన్నెండు పెన్సులు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు) చెల్లించవలసి వచ్చేదనీ, దాని మీద సముద్రపు తీగలు నడిపిన బ్రిటిష్ కంపెనీకీ, అప్పట్లో విడివిడి బ్రిటిష్ వలస రాజ్యాలుగా ఉన్న ఆస్ట్రేలియా ప్రాంతాలకూ మధ్య పెద్ద తగాదా నడిచిందనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లాం. ఆ వాక్యం మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకే ఈసారి శీర్షికను కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అంత ధర ఎందుకు పెట్టారు? నిజంగా అంత ఖర్చు అయ్యేదా, లేక కంపెనీ జనాన్ని దోచుకుందా? (విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

ఖర్చు నిజంగానే ఎక్కువ. దానికి తోడు, ధర ఎంత పెట్టినా వేరే దారి చూసుకునే వీలు జనానికి లేదు. తగాదా ముప్పై ఏళ్ల పాటు తెగకపోవడానికి కారణం ఈ రెండూ నిజం కావడమే.

ముందుగా తంతి వెళ్లే దారిని చూడాలి. లండన్‌లో ఇచ్చిన వార్త ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న పోర్త్‌కర్నో అనే చిన్న ఊరి దగ్గర సముద్రంలోకి దిగి, జిబ్రాల్టర్, మాల్టా, అలెగ్జాండ్రియాల మీదుగా సూయజ్‌కు, అక్కడి నుంచి ఏడెన్‌కు, ఏడెన్ నుంచి బొంబాయికి వచ్చేది. బొంబాయి నుంచి మద్రాసు వరకు భారత ప్రభుత్వ తంతి శాఖ వారి తీగల మీద భూమార్గాన ప్రయాణించి, మద్రాసు తీరంలో మళ్లీ సముద్రంలోకి దిగి, పెనాంగు, సింగపూరు, జావా దాటి ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్‌కు చేరేది. డార్విన్ నుంచి ఆడిలైడ్ వరకు ఇంకా దాదాపు 3,200 కిలోమీటర్ల దూరం ఉంది. అందులో ఎక్కువ భాగం ఎడారి. ఆ రెండు ఊళ్ల నడుమ తీగను దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం చార్లెస్ టాడ్ అనే అధికారి పర్యవేక్షణలో 36,000 స్తంభాలు పాతి వేయించింది. మొదట 1,20,000 పౌండ్లు అవుతుందనుకున్న పని పూర్తయ్యేసరికి 4,80,000 పౌండ్లకు దగ్గరగా వెళ్లింది.

ఈ దారి పొడవునా వార్త దానంతట అది సాగిపోయేది కాదు. ఒక్కో కేంద్రంలో ఒక గుమాస్తా చీకటి గదిలో కూర్చుని, సన్నని విద్యుత్తును కూడా పసిగట్టే అద్దపు గాల్వనోమీటరు అనే పరికరం నుంచి తెర మీద పడి కుడికీ ఎడమకీ కదిలే వెలుగు చుక్కను చూస్తూ ఒక్కొక్క అక్షరం పైకి చెబితే, పక్కనున్న మరొకరు కాగితం మీద రాసుకునేవారు. ఆ కాగితాన్ని చూసి ఇంకొకరు మీట నొక్కి తర్వాతి కేంద్రానికి పంపేవారు. తరువాతి కాలంలో సైఫన్ రికార్డరు వచ్చి, సన్నని గాజు గొట్టం లోంచి కాగితపు పట్టీ మీద సిరా గీత గీయడం మొదలయ్యాక కళ్ల శ్రమ తగ్గింది గానీ, చేతి పని తగ్గలేదు. పగలూ రాత్రీ నడిచే ఇలాంటి కేంద్రాలన్నిటికీ జీతాలు ఇవ్వాలి, మరమ్మతు ఓడలను ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. తీగ నడుమ రాగి, దాని చుట్టూ మలయా అడవుల చెట్ల పాలతో చేసిన గట్టా పెర్చా పొర, దాని మీద జనపనార, అన్నిటికీ పైన ఇనుప తీగల కవచం ఉండేవి. ఇంత చేసినా, వెచ్చని లోతు తక్కువ సముద్రాల్లో టెరిడో అనే తొలిచే జీవి ఇనుప తీగల సందుల్లోంచి దూరి గట్టా పెర్చాను పాడుచేసేది. జావా నుంచి వచ్చిన తీగ 1871 నవంబరులో డార్విన్ తీరానికి చేరింది. 1872 జూన్‌లో తెగిపోయింది. దక్షిణ ఆస్ట్రేలియా వారు తమ భూమార్గాన్ని ఆగస్టు 22న కలిపి ముగించే నాటికి సముద్రం వైపు తీగ మూగగానే ఉంది. మరమ్మతు పూర్తయి లండన్‌తో నేరుగా వార్తలు మొదలైంది ఆ ఏడాది అక్టోబరులో.

కాబట్టి ఖర్చు గురించి కంపెనీ చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ దారిలోని సముద్రపు తీగలన్నీ దాదాపు ఒకే వ్యక్తి అధీనంలోకి వచ్చాయి. స్కాట్లండులో పుట్టి మాంచెస్టరులో బట్టల వ్యాపారం చేసిన జాన్ పెండర్, విడివిడిగా ఉన్న కంపెనీలను కలిపి 1872లో ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీని, 1873లో మద్రాసుకు తూర్పున ఉన్న తీగల కోసం ఈస్టర్న్ ఎక్స్‌టెన్షన్ కంపెనీని ఏర్పాటు చేశాడు. ఇక ఆస్ట్రేలియా వ్యాపారికి బేరమాడే అవకాశం ఎక్కడిది? ఒక్క తీగ తెగితే ఖండం మొత్తానికి వార్తలు ఆగిపోతాయన్న భయంతో రెండో తీగ కావాలని వలస రాజ్యాలే అడిగాయి. 1879 ఒప్పందం ప్రకారం ఇరవై ఏళ్ల పాటు ఏటా 32,400 పౌండ్లు ఇస్తామంటే కంపెనీ 1880లో రెండో తీగ వేసింది. అంటే మాటకు తొమ్మిది షిల్లింగులు చెల్లించిన వారే పన్నుల రూపంలో మరోసారి చెల్లించారు. ఇంతా చేస్తే రెండు తీగలూ పక్కపక్కన ఒకే సముద్రంలో, అగ్నిపర్వతాలున్న చోటే పడి ఉన్నాయి. 1888లో రెండూ ఒకేసారి తెగిపోయినప్పుడు, ఎక్కడో యుద్ధం మొదలై శత్రువులే తీగలు కోశారేమోనన్న ఆందోళన ఆస్ట్రేలియాలో వ్యాపించింది. ఆ మరుసటి ఏడాది కంపెనీ మూడో తీగను పశ్చిమ తీరంలోని బ్రూమ్‌కు వేసింది.

ప్రశ్న: ధర తగ్గిస్తే వాడేవారు పెరుగుతారు కదా? ఆ సంగతి కంపెనీకి తెలియదా? (హైదరాబాదు నుంచి ఒక వాణిజ్యశాస్త్ర విద్యార్థిని)

తెలుసు. పెరిగిన వాడకం తగ్గిన ధరను పూడుస్తుందా లేదా అన్నదే వాదం. కంపెనీ వారు పూడ్చదన్నారు. వలస రాజ్యాల తపాలా అధికారులు పూడుస్తుందన్నారు. చివరికి 1891లో ఒక ప్రయోగానికి ఇరువైపులా ఒప్పుకున్నారు. ఆ ఏడాది మే నుంచి మామూలు వార్తకు మాటకు 9 షిల్లింగుల 4 పెన్సుల నుంచి ఒక్కసారిగా 4 షిల్లింగులకు ధర దిగింది. పత్రికల వార్తలకు 2 షిల్లింగుల 8 పెన్సులుగా ఉన్నది 1 షిల్లింగు 10 పెన్సులయింది. దీనికి కంపెనీ పెట్టిన షరతును జాగ్రత్తగా గమనించాలి. 1889లో తనకు వచ్చిన ఆదాయం, అంటే దాదాపు 2,37,000 పౌండ్లు, తగ్గకూడదు. తగ్గితే ఆ లోటులో సగం ఒప్పందంలో చేరిన వలస రాజ్యాలు జనాభాను బట్టి పంచుకుని కట్టాలి. తన భూమార్గం ఆదాయం కూడా పడిపోతుందని దక్షిణ ఆస్ట్రేలియా అంటే, దానికి కూడా అలాంటి హామీయే ఇచ్చారు. క్వీన్స్‌లాండ్ ఈ ఏర్పాటులో చేరలేదు.

ఫలితం ఏమయింది? 1890లో 8 లక్షల పైచిలుకు మాటలు వెళ్తే, ధర తగ్గిన తర్వాత ఏడాదిలో అవి 12 లక్షలు దాటాయి. సగానికి పైగా పెరుగుదల అది. అయినా ధర సగానికి మించి తగ్గింది గనుక లోటు వచ్చింది, వలస రాజ్యాల వాటా మొదటి ఏడాదే పాతిక వేల పౌండ్లు దాటింది. కొన్ని ప్రభుత్వాలు వెనకడుగు వేయగా, 1893 జనవరి నుంచి ధరను 4 షిల్లింగుల 9 పెన్సులకు పెంచారు.

ఈ లెక్క చూపి కంపెనీ చెప్పిందే నిజమైందని కొందరు చరిత్రకారులు రాస్తారు. నేను అలా అనుకోను. ధర తగ్గిన మొదటి ఏడాదిలోనే కొత్త అలవాటు పూర్తిగా కుదురుకోదు. ఉత్తరంతో సరిపెట్టుకునే ఉన్ని వ్యాపారి తంతికి మళ్లడానికి కొంత కాలం పడుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, ప్రయోగం కంపెనీది అయినా దాని నష్టంలో సగం ప్రజల ఖజానా భరించింది. ధర తగ్గించినందుకు కంపెనీ జేబుకు చిల్లు పడే ప్రమాదం సగానికి సగం తగ్గినప్పుడు, ఖర్చులు తగ్గించుకుని అదే ధరకు లాభం తెచ్చుకోవాలన్న ఒత్తిడి దాని మీద ఎందుకు ఉంటుంది?

ఇలాంటి హామీల చరిత్రలో ఇంకా దారుణమైన సంగతి ఒకటుంది. ఇండియాకు తీగ వేస్తామని 1859లో ఎర్ర సముద్రంలో ఒక కంపెనీ పని మొదలుపెడితే, బ్రిటిష్ ప్రభుత్వం 8 లక్షల పౌండ్ల పెట్టుబడి మీద నాలుగున్నర శాతం చొప్పున యాభై ఏళ్లు చెల్లిస్తామని, తీగ పనిచేసినా చేయకపోయినా వర్తించేలా, హామీ ఇచ్చింది. తీగ మరుసటి ఏడాదికే చెడిపోయింది. ఏటా 36,000 పౌండ్ల బాకీ మాత్రం మిగిలింది. ఆ అనుభవం తర్వాత లండన్ ఖజానా శాఖ తంతి తీగల పేరెత్తితేనే జంకేది. అందువల్లే పెండర్ వంటి ప్రైవేటు కంపెనీలకు మైదానం ఖాళీగా దొరికింది.

ప్రశ్న: ఒక్కో మాటకు అంత పెట్టలేని వ్యాపారులు ఏం చేసేవారు? (వరంగల్లు నుంచి ఒక పాఠకుడు)

సంకేత పుస్తకాలు వాడేవారు. సరుకు ఓడకెక్కిందనో, ఫలానా ధరకు మించి కొనవద్దనో తెలిపే పూర్తి వాక్యానికి బదులు పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క పదం పంపితే, అటువైపు అదే పుస్తకం ఉన్నవారు తెరిచి అర్థం చూసుకునేవారు. పంపినవారు ఒక మాటకే డబ్బు కట్టేవారు. దీన్ని కట్టడి చేయడానికి అంతర్జాతీయ తంతి సమావేశాలు నియమాల మీద నియమాలు పెట్టాయి. యూరపు దాటి వెళ్లే వార్తల్లో సంకేత పదం పది అక్షరాలు మించకూడదన్నారు. అది ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, డచ్చి, పోర్చుగీసు, స్పానిషు, లాటిను అనే ఎనిమిది భాషల్లో ఏదో ఒకదానిలో నిజంగా ఉన్న పదమై ఉండాలన్నారు. అనుమతించే పదాలన్నీ గుదిగుచ్చి లక్షల పదాల అధికార నిఘంటువు ఒకటి తయారుచేస్తే వ్యాపారులు గట్టిగా ఎదురు తిరిగారు. చివరికి 1903 లండన్ సమావేశంలో, నోట పలకగలిగిన పది అక్షరాల కూర్పు ఏదైనా సరేనని ఒప్పుకున్నారు. అంతే, ఐదేసి అక్షరాల సంకేతాలు రెండు కలిపి ఒక పదంగా పంపడం మొదలైంది, ఒక మాట ఖర్చుతో రెండు వాక్యాలు వెళ్లసాగాయి. అయితే ఈ వెసులుబాటు పుస్తకాలు కొనగలిగే పెద్ద సంస్థలకే దక్కింది. ఇంట్లో మరణవార్త పంపవలసి వచ్చిన మామూలు మనిషికి ఎవరూ సంకేత పుస్తకం ఇవ్వలేదు. ధర బరువు పూర్తిగా మోసింది ఆ మనిషే.

ప్రశ్న: పసిఫిక్ సముద్రంలో వేసిన తీగకూ ఈ తగాదాకూ సంబంధం ఏమిటి? ఎక్కడో ఉన్న కెనడా ఇందులోకి ఎందుకు వచ్చింది? (గుంటూరు నుంచి ఒక న్యాయవాది)

తగాదాకు అసలు ముడి ఇక్కడే ఉంది. ధర తగ్గించమని ఎంత బతిమాలినా లాభం లేదనీ, కంపెనీ తీగలతో సంబంధం లేని మరో తీగ ప్రభుత్వాల సొంతంగా ఉంటేనే ధర దిగుతుందనీ గట్టిగా నమ్మిన మనిషి శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. స్కాట్లండులో పుట్టి కెనడా రైలు మార్గాల ఇంజనీరుగా పేరు తెచ్చుకున్న ఆయన, ప్రపంచాన్ని కాల మండలాలుగా విభజించాలని వాదించినవారిలో ముఖ్యుడు. కెనడా పశ్చిమ తీరం నుంచి పసిఫిక్ మీదుగా ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు తీగ వేయాలని 1879 నుంచి రాస్తూ, 1887 లండన్ సమావేశంలోనూ 1894 ఒట్టావా సమావేశంలోనూ అదే పట్టుదలతో మాట్లాడాడు. తన రైలు మార్గం పక్కన సాగే తంతి తీగకు పని పెరుగుతుంది గనుకా, తూర్పు దేశాల వ్యాపారంలో చోటు దొరుకుతుంది గనుకా కెనడాకు ఇందులో సొంత ప్రయోజనం ఉంది.

పెండర్ తన చేతనైనంత మేర అడ్డుపడ్డాడు. పసిఫిక్ లోతులు సరిగా కొలవలేదనీ, అంత పొడవైన తీగ పనిచేయదనీ, రాబడి చాలదనీ అన్నాడు. మాటలతో ఆగకుండా 1893లో హాంకాంగులో తీగ దించే హక్కు పాతికేళ్ల పాటు తన కంపెనీకే ఉండేలా లండన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. పసిఫిక్ తీగను చైనా వైపు పొడిగించే దారి దాంతో మూసుకుపోయింది. కెనడా నిరసన తెలిపినా అప్పటికే సంతకాలు అయిపోయాయి. మరోవైపు, హవాయి దగ్గర జనంలేని నెకర్ ద్వీపాన్ని తీగ మజిలీగా వాడుకోవాలని ఫ్లెమింగ్ 1894లో రహస్యంగా మనిషిని పంపితే, హవాయి ప్రభుత్వం ముందే పసిగట్టి అక్కడ తన జెండా పాతింది. చివరికి దిక్కు పసిఫిక్ నడుమ బ్రిటిష్ అధీనంలో ఉన్న ఫానింగ్ ద్వీపమే అయింది. అక్కడికి కెనడాలోని బామ్‌ఫీల్డ్ నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా దాదాపు 3,459 నాటికల్ మైళ్ల తీగ కావలసి వచ్చింది. అంతకు ముందు ఎవరూ అంత పొడవైన తీగ ఒకే ముక్కగా వేయలేదు.

ఖర్చును పద్దెనిమిది వాటాలు చేసి, బ్రిటన్, కెనడా చెరి ఐదు, న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్, న్యూజిలాండ్ తలా రెండు తీసుకున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియా లేకపోవడాన్ని గమనించండి. పసిఫిక్ తీగ వస్తే దాని ఎడారి మార్గానికి రాబడి పోతుంది, ఇంకా తీరని అప్పు మిగులుతుంది. ఆ ప్రభుత్వాన్ని స్వార్థపరురాలని పొరుగు పత్రికలు తిట్టాయి గానీ, అందరి కోసం ఒంటరిగా అంత ఖర్చు నెత్తిన వేసుకున్న ప్రభుత్వానికి ఆ మాత్రం అడిగే న్యాయం ఉందనే నా అభిప్రాయం.

కంపెనీకి అవకాశం ఇచ్చింది ఈ చీలికే. పెండర్ 1896లో చనిపోయినా అతని వారసులు అదే దారిలో నడిచారు. దక్షిణాఫ్రికా నుంచి మారిషస్, కోకోస్ ద్వీపాల మీదుగా పశ్చిమ ఆస్ట్రేలియాకు సొంత ఖర్చుతో కొత్త తీగ వేస్తామన్నారు. మాటకు 4 షిల్లింగులకు వెంటనే దిగుతామనీ, వాడకం పెరిగేకొద్దీ 2 షిల్లింగుల 6 పెన్సుల వరకు తగ్గిస్తామనీ చెప్పారు. దానికి బదులుగా అడిగింది ఒక్కటే: పెద్ద నగరాల్లో తమ సొంత కార్యాలయాలు తెరిచి జనం నుంచి నేరుగా వార్తలు తీసుకునే హక్కు. ఆ హక్కు ఇస్తే పసిఫిక్ తీగకు వెళ్లవలసిన వార్తలను కంపెనీ గుమ్మం దగ్గరే పట్టుకుంటుంది. 1900లో దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మేనియా సంతకం చేశాయి. 1901 జనవరిలో, ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడిన కొద్ది రోజులకే, పసిఫిక్ తీగలో వాటాదారైన న్యూసౌత్‌వేల్స్ కూడా సంతకం చేసేసింది. కెనడాకు దీని మీద కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. విక్టోరియా మాత్రం ఒప్పుకోలేదు.

పసిఫిక్ తీగ 1902 అక్టోబరు 31న పూర్తయింది. ధర మాటకు 3 షిల్లింగులు. కంపెనీ కూడా అప్పటికే 3 షిల్లింగులకు దిగింది. మొదటి ఏళ్లలో పసిఫిక్ తీగకు లోటు వచ్చింది, వాటాదారులు పూడ్చవలసి వచ్చింది. దీన్ని చూపి ప్రభుత్వాలు డబ్బు సముద్రం పాలు చేశాయని అన్నవారున్నారు. లెక్క అలా వేయకూడదు. 4 షిల్లింగుల 9 పెన్సుల ధర 3 షిల్లింగులకు దిగింది పోటీ తీగ ఇంకా నీళ్లలో పడకముందే, అది వస్తుందని కంపెనీకి నమ్మకం కుదిరిన రెండేళ్లలోనే. ఇరవై ఏళ్ల వినతిపత్రాలు సాధించలేనిది ఆ నమ్మకం సాధించింది. పాత తీగల మీద వార్తలు పంపినవారికి మిగిలిన ప్రతి షిల్లింగును కూడా పసిఫిక్ తీగ రాబడిలోనే కలిపి చూడాలి.

ప్రశ్న: మన దేశం నుంచి ఇంగ్లండుకు ధర ఎంత ఉండేది? మనవాళ్లు ఎవరూ అడగలేదా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

1865లో పర్షియన్ గల్ఫ్ మార్గం తెరిచినప్పుడు ఇరవై మాటల వార్తకు 5 పౌండ్లు. 1870లో బొంబాయికి నేరుగా సముద్రపు తీగ వచ్చాక పోటీ మొదలైనట్టే కనిపించింది. ఎందుకంటే గల్ఫ్ తీగ ప్రభుత్వ శాఖది, రష్యా, పర్షియాల మీదుగా వచ్చే భూమార్గం సీమెన్స్ వారు నెలకొల్పిన కంపెనీది, ఎర్ర సముద్రపు తీగ పెండర్‌ది. కానీ 1878లో ఈ ముగ్గురూ రాబడిని ఒకే సంచిలో వేసి పంచుకునే ఒప్పందం చేసుకున్నారు. మూడు దారులున్నా పోటీ లేదన్నమాట. 1886 నుంచి మాటకు 4 షిల్లింగులు. 1899లో స్థిరపడిన మారకం ప్రకారం ఇది మూడు రూపాయలు. తెలుగు జిల్లాల నుంచి నూనె గింజలు, తోళ్లు మద్రాసు మీదుగా విదేశాలకు పంపే వ్యాపారి బేరం ఇందులో ఇరుక్కునే ఉండేది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది. 1901లో లండన్ నుంచి ఆస్ట్రేలియాకు మాటకు 3 షిల్లింగుల 6 పెన్సులు, ఇండియాకు 4 షిల్లింగులు. ఆస్ట్రేలియా వార్త బొంబాయిలో దిగి, మద్రాసు దాకా మన నేల మీదుగా సాగి, ఇంకా అంత దూరం వెళ్లేది. సగం దారిలో ఆగే వార్తకు ఎక్కువ, దారి చివరిదాకా వెళ్లే దానికి తక్కువ! ఆస్ట్రేలియా రాజ్యాలకు సొంత శాసనసభలున్నాయి, పోటీ తీగ వేస్తామని బెదిరించే ఖజానా ఉంది. ఇండియా ప్రజలకు ఆ రెండూ లేవు. పైగా ఇక్కడి ప్రభుత్వమే ఆ ఉమ్మడి సంచిలో భాగస్వామి. బొంబాయిలో పుట్టి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడైన ఎడ్వర్డ్ ససూన్ ఈ ధరల మీద గట్టిగా వాదించాడు, వైస్రాయి కర్జన్ కూడా తగ్గించాలని పట్టుబట్టాడు. 1902 మార్చిలో ధర 2 షిల్లింగుల 6 పెన్సులకు, 1905లో 2 షిల్లింగులకు దిగింది. కర్జన్ పాలన గురించి మనవారికి ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ ఒక్క విషయంలో అతని ఒత్తిడి పనికొచ్చింది.

ప్రశ్న: తగాదా చివరికి ఎలా తీరింది? (అమలాపురం నుంచి ఒక పాఠకుడు)

గాలిలో వెళ్లే వార్తతో తీరింది. 1912లో ఆలస్యంగా పంపినా ఫర్వాలేదన్న వార్తలకు సగం ధర పెట్టారు గానీ, అసలు దెబ్బ 1926, 1927 సంవత్సరాల్లో తరంగాలను ఒకే దిక్కుకు గురిపెట్టి పంపే మార్కోనీ వారి బీమ్ రేడియో మార్గాలు కెనడాకు, ఆస్ట్రేలియాకు, ఇండియాకు తెరిచినప్పుడు తగిలింది. తక్కువ ధరకు వేగంగా వార్తలు పంపే రేడియో ముందు సముద్రపు తీగలు నిలబడలేకపోయాయి. తీగలు మూతపడితే యుద్ధకాలంలో ప్రమాదమని భావించి 1928లో లండన్‌లో సమావేశం జరిపి, 1929లో రేడియోనూ తీగలనూ కలిపి ఒకే సంస్థను ఏర్పాటు చేశారు. ఈస్టర్న్ కంపెనీలు అందులో ప్రధాన భాగమయ్యాయి. ఆ కంపెనీల పట్టు విడిపించడానికి ప్రజల డబ్బుతో వేసిన పసిఫిక్ తీగను కూడా అదే సంస్థకు అమ్మేశారు. సామ్రాజ్యంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా మాటకు 1 షిల్లింగు 3 పెన్సులు మించకూడదన్న ఒకే ధర 1938 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది.